పిలిచిందెవరు?

ప్రోగ్రాములు రాసుకుని బతికే మనలాంటి వాళ్ళం రోజుకి ఓ వందసార్లు వాడే మాట "కాల్". ఫంక్షన్‌ని కాల్ చేస్తాం. పదకొండింటికి క్లయింటుతో కాల్. శనాదివారాలు ఆన్ కాల్. పిలిచేది కాలర్, పిలిపించుకునేది కాలీ. ఎవరు ఎవర్ని పిలిచారో తెలియకపోతే స్టాక్ ట్రేస్ తీసి చూస్తాం. గ్రీకులో కూడా పిలవడానికి "కలెయో" అని ఒక క్రియ ఉంది. అక్షరాల లెక్కన క, లె, ఓ. (మనకి ఎ, ఏ, ఒ, ఓ తేడా ఉన్నట్టే గ్రీకుకీ ఎప్సిలాన్, ఈటా, ఒమిక్రాన్, ఒమేగా అని వేరువేరు అక్షరాలున్నాయి. హిందీ లిపిలో రాయాలంటే కష్టం గానీ తెలుగులో ఏ ఇబ్బందీ లేదు.) కలెయో, కాల్. ఇంకేముంది, ఇంగ్లీషు మాట గ్రీకులోంచి వచ్చేసిందని తీర్మానించెయ్యడం చాలా తేలిక.

రాలేదు. ఇంగ్లీషు "కాల్" పాత నార్స్ భాషలోని "కల్లా" నుంచి వచ్చింది. గ్రీకులో "క" ఉన్న చోట జెర్మానిక్ భాషల్లో "హ" రావాలి, అది వాటి ధ్వనుల లెక్క. ఆ లెక్కన కలెయోకి ఇంగ్లీషులో అసలైన చుట్టం ఎవరయ్యా అంటే, ఆవు అంబా అనడానికి వాడే "లో" అనే క్రియ. పాత ఇంగ్లీషులో అది "హ్లోవన్". అచ్చం ఒకేలా వినపడే మాటకి ఏ సంబంధమూ లేదు, ఎక్కడో పశువుల కొట్టంలో ఉన్న మాట మాత్రం దాయాది. మాటల పుట్టుక గురించి ధీమాగా చెప్పేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఈ ఆవే గుర్తొస్తుంది.

సరే, అసలు విషయానికొద్దాం. కలెయోకి నిఘంటువులో ఇచ్చే అర్థాలు ముఖ్యంగా నాలుగు: కేకేసి రమ్మనడం, భోజనానికి పిలవడం, కోర్టుకి పిలవడం, పేరు పెట్టి పిలవడం. ఇంగ్లీషువాళ్ళకి వీటిలో కొన్నిటికి వేరే మాటలు కావాలి. మనకి అక్కర్లేదు. "ఒరేయ్, నాన్నగారు పిలుస్తున్నారు", "పెళ్ళికి పిలిచారా?", "ఇంట్లో చిన్ని అని పిలుస్తారు". అన్నిటికీ ఒకటే "పిలుచు". గ్రీకువాడి బుర్రలో ఆ మాట ఎలా పనిచేసిందో ఊహించుకోడానికి ఇంగ్లీషు కన్నా తెలుగే దగ్గరి దారి అని నా అభిప్రాయం.

హోమర్ దగ్గరే ఒక తమాషా ఉంది. ఇలియడ్ నాలుగో సర్గలో హీరా దేవి జ్యూస్‌తో వాదిస్తూ తన గౌరవానికి రెండు కారణాలు చెప్తుంది. ఒకటి తన పుట్టుక. రెండోది, తను అతని భార్యగా "పిలవబడటం". ఆవిడ నిజంగా భార్యే కదా, మళ్ళీ పిలవబడటమేంటి? నలుగురూ ఏమని పిలుస్తారో అదే మనిషి స్థానం, రెండూ వేరు కాదు. మన ఊళ్ళల్లో "ఫలానా వారి కోడలు అనిపించుకోవాలి" అంటారు చూడండి, ఆ "అనిపించుకోవడం" లాంటిదే ఇది కూడా.

ఇక పిలవని పేరంటం సంగతి. దీనికి వాళ్ళ మాట "అక్లేతొస్". ముందున్న "అ" మన అధర్మం, అన్యాయంలో ఉన్న "అ"కి చుట్టమే (ఇది మాత్రం నిజం చుట్టరికం, ఆవు లాంటిదే). ఇలియడ్ రెండో సర్గలో అగమెమ్నాన్ పెద్దల్ని విందుకి పిలుస్తాడు, తమ్ముడు మెనెలావుస్ మాత్రం పిలవకుండానే వచ్చేస్తాడు. అన్న మనసులో ఏముందో తెలుసు గనక వచ్చాడు అని హోమర్ సర్దిచెప్తాడు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ప్లేటో రాసిన సింపోజియంలో సోక్రటీస్ ఇదే విషయం ఎత్తుతాడు. దారిలో కలిసిన అరిస్టొడెమస్‌ని పిలవని విందుకి లాక్కుపోతూ, మంచివాళ్ళ విందుకి మంచివాళ్ళు పిలవకుండానే వెళ్తారని సామెత తిప్పి చెప్పి నవ్విస్తాడు. తీరా దారిలో తను ఆలోచనలో పడి వెనకే ఆగిపోతాడు. పాపం అరిస్టొడెమస్ ఒక్కడే లోపలికి వెళ్ళి నిలబడాల్సి వస్తుంది. జెనొఫోన్ రాసిన ఇంకో సింపోజియంలో ఫిలిప్పొస్ అనే విదూషకుడు తలుపు తట్టి, పిలిస్తే రావడం కన్నా పిలవకుండా రావడంలోనే నవ్వు ఎక్కువుందని లోపలికొచ్చి కూర్చుంటాడు. వీళ్ళు మనకి తెలిసిన మనుషుల్లా లేరూ?

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం మూడో అర్థం, కోర్టు పిలుపు.

ఏథెన్స్‌లో సమన్లు ఇవ్వడానికి ప్రభుత్వం తరఫున బంట్రోతు రాడు. దావా వేసేవాడే స్వయంగా వెళ్ళి, ప్రతివాది ఎదురుగా నిలబడి, ఫలానా నేరానికి ఫలానా అధికారి ముందుకి ఫలానా రోజున రమ్మని పిలవాలి. దాన్ని "ప్రొస్క్లేసిస్" అనేవారు. పక్కన ఒకరో ఇద్దరో సాక్షులుండాలి. ఆ సాక్షి పేరు "క్లేతేర్", అదీ కలెయో సంతానమే. పిలవకుండానే పిలిచినట్టు సాక్ష్యం చెప్తే ఆ సాక్షి మీదే కేసు పెట్టొచ్చు. దానికి ప్రత్యేకంగా ఒక దావా ఉండేది. అంటే పిలుపు అనేది ఒక సంఘటన. అది జరిగిందా లేదా, ఎవరు చూశారు, అన్నది తేల్చదగ్గ విషయం.

క్రీ.పూ. 422లో అరిస్టోఫేనిస్ వేసిన "కందిరీగలు" నాటకంలో ఫిలొక్లియోన్ అనే ముసలాయన విందులో తప్పతాగి, చేతిలో కాగడాతో ఇంటికి తూలుకుంటూ వస్తూ, రొట్టెలమ్ముకునే మిర్తియా అనే ఆవిడ సరుకంతా పాడుచేస్తాడు. ఆవిడ ఊరుకోదు. ఖైరెఫోన్‌ని క్లేతేర్‌గా వెంటబెట్టుకొచ్చి, నువ్వెవడివైతే నాకేంటి, నా సరుకు నష్టానికి బజారు అధికారుల ముందుకి పిలుస్తున్నానని అక్కడే పిలిచేస్తుంది. రాసింది నవ్వించడానికే. కానీ చూసేవాళ్ళందరికీ ఆ తంతు కొట్టినపిండి అయితేనే కదా అది పేలేది.

అంతకు ముందు ఏడాది, 423లో వేసిన "మేఘాలు" ఇంకా మనకి దగ్గరది. కొడుక్కి గుర్రపు పందేల పిచ్చి, తండ్రి స్ట్రెప్సియాడిస్‌కి నెత్తి నిండా అప్పులు. నెలాఖరు వస్తోందంటే నిద్ర పట్టదు, వడ్డీలు కట్టాల్సిన రోజు అదే గనక. (ఈఎంఐలు కట్టేవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.) అప్పిచ్చినవాడు ఒక రోజు సాక్షిని తీసుకుని గుమ్మంలోకి వచ్చి, "స్ట్రెప్సియాడిస్‌ని పిలుస్తున్నాను" అంటాడు. ఇక్కడ గ్రీకు వ్యాకరణంలో ఒక చిన్న సూక్ష్మం ఉంది. పిలిచేది న్యాయాధికారి అయితే క్రియ మామూలు రూపంలో ఉంటుంది. దావా వేసేవాడైతే మధ్యమ రూపం, "కలూమై". సంస్కృతంలో పరస్మైపదం, ఆత్మనేపదం అని చదువుకున్నవాళ్ళకి వెంటనే తడుతుంది. తెలుగులో అయితే ఇంకా సుళువు: ఒకటి "పిలవడం", రెండోది "పిలుచుకోవడం". అధికారి పిలుస్తాడు, బాధితుడు పిలుచుకుంటాడు. "వండడం", "వండుకోవడం" మధ్య ఉన్న తేడానే. ఆ పిలుపులో తన సొంత గొడవ ఉందని క్రియ చివర ఉన్న ప్రత్యయమే చెప్పేస్తుంది. ఇంగ్లీషు అనువాదాల్లో ఇది మాయమైపోతుంది, తెలుగులో చేస్తే నిలబడుతుంది.

అన్నట్టు, నెలాఖరు అప్పులంటే లాటిన్‌లో ఈ ధాతువుకే చెందిన "కలారే" అనే క్రియ గుర్తొస్తోంది. రోమ్‌లో నెల మొదటి రోజున పూజారి జనం ముందు కేకేసి, ఈ నెలలో "నోనెస్" అయిదో రోజున వస్తుందా ఏడో రోజునా అని చాటింపు వేసేవాడు. ఆ పిలుపు రోజు కాబట్టి అది "కలెండే". అప్పుల మీద వడ్డీ కట్టాల్సిందీ ఆ రోజే గనక, వడ్డీ వ్యాపారి లెక్కల పుస్తకం "కలెండారియం" అయింది. మన ఔట్‌లుక్ క్యాలెండరు అసలు పుట్టుక అప్పుల చిట్టా అన్నమాట. ఎవరో మన తరఫున మన టైము ఖర్చు రాసేసే పుస్తకం అనుకుంటే పోలిక ఇంకా బానే ఉంది.

అదే ఏథెన్స్‌లో కలెయోకి గౌరవప్రదమైన వాడకం ఇంకోటి. ఊరికి మేలు చేసినవాళ్ళనీ, వచ్చిన రాయబారుల్నీ ప్రభుత్వ భవనమైన ప్రుటనేయోన్‌లో భోజనానికి పిలవాలని సభ తీర్మానం చేసేది. ఆ తీర్మానాలు రాతి మీద చెక్కించేవారు. వాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట "రేపటికి". ఫలానా వారిని రేపు ప్రుటనేయోన్‌కి భోజనానికి పిలవాలి, అంతే. ఆ "రేపు" వెళ్ళిపోయి రెండు వేల నాలుగు వందల ఏళ్ళు దాటింది, రాళ్ళు మ్యూజియాల్లో ఉన్నాయి, పిలుపు ఇంకా రేపటికే ఉంది.

ఈ కుటుంబంలో అన్నిటికన్నా పేరుమోసిన మాట "ఎక్లేసియా", అంటే పౌరసభ. "ఎక్" అంటే బయటికి, దానికి కలెయో తగిలిస్తే "బయటికి పిలవబడినవాళ్ళు". మాట నిర్మాణం నిజంగా అదే. కానీ వాడకం చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. ప్నిక్స్ కొండ మీద సభ. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో ఏడాదికి నలభై మామూలు సమావేశాలు. పౌరసత్వం ఇవ్వడం లాంటి కొన్ని తీర్మానాలకి ఆరు వేల ఓట్లు పడాలి. జనం మాత్రం పిలవగానే పరిగెత్తుకొచ్చేవారు కాదు. క్రీ.పూ. 425 నాటి "అఖార్నియులు" నాటకంలో ఒకాయన తెల్లారకుండానే వచ్చి కూర్చుని చూస్తుంటాడు, సభాస్థలం ఖాళీ. జనమంతా కింద బజార్లో కబుర్లు చెప్పుకుంటూ, ఎర్ర రంగు పూసిన తాడు నుంచి తప్పించుకు తిరుగుతుంటారు. ఆ తాడుతో జనాన్ని సభ వైపు తోలేవారన్నమాట. బట్టలకి ఎర్ర రంగు అంటుకుందంటే ఎగ్గొట్టాడని దొరికిపోయినట్టే. క్రీ.పూ. 403లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక ఇక లాభం లేదని డబ్బులివ్వడం మొదలుపెట్టారు. ముందు ఒక ఒబోల్, తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. అరిస్టాటిల్ కాలానికి మామూలు సమావేశానికి ఆరు ఒబోల్స్, ముఖ్యమైనదానికి తొమ్మిది.

అసలు ఎవర్ని పిలిచారన్నది వేరే ప్రశ్న. వయసొచ్చిన మగ పౌరుల్నే. ఆడవాళ్ళకీ, బానిసలకీ, పరాయి ఊళ్ళనుంచొచ్చి స్థిరపడ్డవాళ్ళకీ పిలుపు లేదు. సుమారు క్రీ.పూ. 391లో అరిస్టోఫేనిస్ దీని మీదే ఒక నాటకం రాశాడు. ప్రాక్సగోరా అనే ఆవిడ నాయకత్వంలో ఆడవాళ్ళు పెట్టుడు గడ్డాలు తగిలించుకుని, మొగుళ్ళ బట్టలేసుకుని, తెల్లారేలోపు సభ నిండా కూర్చుని అధికారం తమకే ఇచ్చుకుంటారు. ఆలస్యంగా వచ్చిన మగాళ్ళకి చోటూ లేదు, మూడు ఒబోల్సూ లేవు. పిలవని పేరంటానికి పిలవనివాళ్ళంతా కలిసి వెళ్తే ఏమవుతుందో ఊహించి చూశాడు ఆ మహానుభావుడు. నవ్వులాటకే అనుకోండి.

ఇదే మాట తర్వాత క్రైస్తవ సంఘానికి పేరయింది. హీబ్రూ గ్రంథాల్ని గ్రీకులోకి తెచ్చినవాళ్ళు ఇశ్రాయేలీయుల సమావేశాన్ని చెప్పే "కహల్"కి చాలా చోట్ల ఎక్లేసియా వాడారు, కొత్త నిబంధన దాన్ని అందుకుంది. ఫ్రెంచి "ఎగ్లీజ్", స్పానిష్ "ఇగ్లేసియా" ఇందులోంచే. ఉర్దూ కవిత్వం రుచి తెలిసిన హైదరాబాదు వాళ్ళకి గాలిబ్ వాడిన "కలీసా" తెలిసే ఉంటుంది, అదీ ఇదే. మన "చర్చి" మాత్రం కాదు, దాని మూలం "ప్రభువుకి చెందినది" అని అర్థమొచ్చే వేరే గ్రీకు మాట.

ఇక్కడే ధాతువుల మీద మేడలు కట్టడం మొదలవుతుంది. "ఎక్లేసియా అంటే బయటికి పిలవబడినవారు, కాబట్టి లోకంలోంచి వేరు చేయబడినవారు" అని చెప్పే ప్రసంగాలు బోలెడు. ఆ భావం మంచిదో కాదో నాకు సంబంధం లేదు, అది వాళ్ళ నమ్మకం. కానీ ఆ మాటలోంచి ఆ భావం రాదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయమే చూడండి. ఎఫెసులో వెండి పనివాళ్ళు రెచ్చగొడితే జనం నాటకశాలలో పోగై రెండు గంటలు అర్తెమి దేవి పేరు అరుస్తారు. ఎందుకు పోగయ్యారో అందులో చాలామందికి తెలియదు. (కొన్ని మీటింగులు గుర్తొస్తే నా తప్పు కాదు.) ఆ అల్లరి మూకకి కూడా మూలంలో ఉన్న మాట ఎక్లేసియానే. వాళ్ళనెవరూ లోకంలోంచి వేరు చెయ్యలేదు, అసలెవరూ పిలవనే లేదు. తెలుగు అనువాదకులు అక్కడ తెలివిగా "సభ" అనీ, మిగతా చోట్ల "సంఘము" అనీ రాశారు. జేమ్స్ బార్ అనే పండితుడు 1961లో ఈ ధాతువుల పిచ్చి మీద ఒక పుస్తకమే రాసి గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో వేరియబుల్‌కి "టెంప్" అని పేరు పెట్టారని అది ఇప్పటికీ తాత్కాలికమేనని నమ్మితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పేరు కాదు, అది ఎక్కడెక్కడ వాడారో చూడాలి.

అలాగని అనువాదంలో ఏ మాట వాడినా ఒకటే అనుకోవద్దు. విలియం టిండేల్ 1526లో కొత్త నిబంధనని ఇంగ్లీషులోకి తెస్తూ ఎక్లేసియాకి "చర్చి" అని రాయకుండా "కాంగ్రిగేషన్" అని రాశాడు. చర్చి అంటే అప్పటికి మఠాధిపతులూ, భూములూ, అధికారమూ. కాంగ్రిగేషన్ అంటే పోగైన జనం. థామస్ మోర్ అంతటివాడు 1529లో ఈ మాటని పట్టుకుని విరుచుకుపడ్డాడు. టిండేల్‌ని 1536లో బ్రస్సెల్స్ దగ్గర గొంతు నులిమి, ఆ పైన కాల్చారు. ఒక్క ఈ మాట కోసమే అనలేం, నేరారోపణలు చాలా ఉన్నాయి. కానీ తర్వాత జేమ్స్ రాజు కొత్త అనువాదం మొదలెట్టినప్పుడు, "చర్చి" అన్న చోట "కాంగ్రిగేషన్" పెట్టకూడదని అనువాదకులకి లిఖితపూర్వకంగా నియమం పెట్టారు. ఆ నియమం రాసినవాళ్ళకి అందులో ఏముందో బాగా తెలుసు.

ఇంకో మాట మీద తొందరగా ఒక చూపు: "పరాక్లేతొస్", పక్కకి పిలవబడినవాడు. క్రీ.పూ. 343లో డెమొస్తెనీస్ కోర్టులో మాట్లాడుతూ, ప్రతివాది తన కోసం బతిమాలడానికి పిలిపించుకున్న పలుకుబడి గల మనుషుల్ని ఈ మాటతోనే విసుక్కున్నాడు. అంటే మన భాషలో సిఫార్సు బ్యాచి. అదే మాట యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకి వాడారు. తెలుగు బైబిలులో అక్కడ "ఆదరణకర్త", యోహాను మొదటి పత్రికలో అదే మాటకి "ఉత్తరవాది". లాటిన్‌లో "అడ్వకేట్" కూడా ఇదే కట్టుబడి. సిఫార్సు చేసేవాడి నుంచి దేవుడి దాకా ఒకే మాట ప్రయాణం చేసింది.

ఇప్పుడు మన ఉద్యోగాల దగ్గరికి. "క్లేసిస్" అంటే పిలుపు. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, ఎవరు ఏ పిలుపులో పిలవబడ్డారో అందులోనే ఉండమంటాడు. ఆ వెంటనే బానిసల సంగతి: బానిసగా ఉండగా పిలవబడ్డావా, చింతపడకు, స్వతంత్రుడివయ్యే వీలుంటే "దాన్ని వాడుకో". దేన్ని? స్వేచ్ఛనా, బానిసత్వాన్నా? గ్రీకులో కర్మపదం లేదు. రెండు రకాలుగానూ, పూర్తిగా ఎదురెదురు అర్థాలతో అనువదించినవాళ్ళున్నారు. ఒక సర్వనామం కూడా రాయని వాక్యం మీద ఒక మనిషి బతుకు వేలాడింది.

తర్వాత లూథర్. జర్మన్‌లో "బెరూఫ్" అంటే పిలుపే, దేవుడి పిలుపు. 1534లో వచ్చిన ఆయన పూర్తి బైబిలులో, సిరాక్ గ్రంథంలో గ్రీకు మూలంలో కేవలం "పని", "శ్రమ" అని ఉన్నచోట కూడా ఆయన "బెరూఫ్" అని పెట్టాడు. 1904-05లో మాక్స్ వెబర్ తన ప్రసిద్ధ వ్యాసాల్లో ఈ చోటే వేలు పెట్టి చూపించాడు: రోజూ చేసే ఉద్యోగానికి దేవుడి పిలుపన్న రంగు పడింది ఇక్కడేనని. ఇవాళ జర్మన్‌లో "బెరూఫ్" అంటే ఉత్త ఉద్యోగం. పిలిచినవాడు వెళ్ళిపోయాడు, పిలుపు మాత్రం మిగిలింది.

మన మాటలు చూడండి. ఉద్యోగం, వృత్తి, పని, కొలువు. ఒక్కదాంట్లోనూ పిలిచేవాడు లేడు. ఉద్యోగంలో ఉన్నది ప్రయత్నం, కొలువులో అయితే ఎవరికి కొలువో ఎదురుగా కూర్చునే ఉంటాడు. కాబట్టి "ఇది ఉద్యోగం కాదు, కాలింగ్" అని ఓరియంటేషన్ రోజున స్లయిడు వేసినప్పుడు ఆ మాట మన చెవికి కొత్తగానే తగులుతుంది. నేను పనిచేసిన ఒక చోట ఆ స్లయిడు వేసినాయనే, తర్వాత ఆర్నెల్లకి ఆన్ కాల్ భత్యం తీసేస్తూ మెయిలు పెట్టాడు. అందులో క్రియలన్నీ కర్మణిప్రయోగంలో ఉన్నాయి, నిర్ణయించబడింది, తొలగించబడింది అని. కర్త ఎక్కడా లేడు. రొట్టెలమ్మే మిర్తియా దగ్గర ఇది సాగేది కాదు. ఆవిడ లెక్కలో పిలుపంటే పిలిచే మనిషి, పిలవబడే మనిషి, ఏ నష్టానికో, ఏ అధికారి ముందుకో, పక్కన సాక్షి. ఇందులో ఏది తగ్గినా అది పిలుపు కాదు, కేక.

గ్రీసులో ఈ క్రియ ఇంకా బతికే ఉంది, "కలో" అంటారు. "క్లీసి" అంటే ఫోన్ కాల్. ట్రాఫిక్ పోలీసు రాసే చలానా కూడా క్లీసినే, పాత కోర్టు పిలుపు అర్థం అక్కడ దాక్కుంది. మిస్డ్ కాల్‌ని "జవాబు రాని క్లీసి" అంటారు. పక్కకి పిలవడం అనే పాత క్రియ బతిమాలడంగా మారి, అక్కణ్ణుంచి "పరకలో" అయి కూర్చుంది. "దయచేసి" అనడానికీ అదే, "ఫరవాలేదులెండి" అనడానికీ అదే. ఫోను మోగితే ఎత్తి, అవతల ఎవరో ఇంకా తెలియకముందే చాలామంది అనే మొదటి మాట కూడా అదే: పరకలో.